ముందు కౌలు అన్నారు, తర్వాత కూలి అన్నారు: ఫారంలో ఏది రాయాలి?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది రాజోలు దగ్గర ఒక ఊరు. ఎమ్మెస్సీ అయ్యాక వేరే ఉద్యోగం దొరక్క, నాలుగు నెలల క్రితం ఒక పరిశోధన సంస్థ చేస్తున్న ఇంటింటి సర్వేలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. పోయిన వారం ఒకాయన రెండెకరాలు కౌలుకి చేస్తున్నానని చెప్పారు, ఎకరానికి ఎన్ని బస్తాల మక్తానో (ఆసామికి కొలిచే కౌలు ధాన్యం) కూడా చెప్పారు. ఇంతలో పొలం ఆసామి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. వెంటనే ఈయన ‘కౌలేం లేదండి, కూలికెళ్తాను, అంతే’ అనేశారు. ఏది రాయాలో తెలీక ఆ ఫారం పంపకుండా ఉంచేశాను. రోజుకి ఆరిళ్ళు చెయ్యాలి. తాళం ఉంటే పక్కింట్లో చేసెయ్యమని మా సూపర్‌వైజర్ గారు అంటారు. ఇంకో ఇంట్లో, బయటికెళ్ళిన వాళ్ళెవరైనా ఉన్నారా అని అడగ్గానే, కువైట్‌లో ఉన్న కూతురు గుర్తొచ్చి పెద్దావిడ ఏడ్చేశారు. ఇన్ని అడిగి, వాళ్ళకేమీ చెయ్యకుండా లేచి వచ్చేస్తున్నాను. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఈ పని మానెయ్యమంటారా?
(పేరు వద్దు, కోనసీమ)

సమాధానం:

అమ్మాయ్, నువ్వు ఆ ఫారం పంపకుండా ఆపావు చూడు, అందుకే నీకు ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను. తోచింది నొక్కేసి పంపించేసి ఉంటే ఆ రోజు లెక్క ఆరిళ్ళూ పూర్తయ్యేది, నిన్ను అడిగేవాళ్ళు కూడా ఉండేవారు కాదు.

నేను గోదావరికి రెండు వైపులా 22 ఏళ్ళు సర్వేలు చేశాను. మొదట నీలాగే ఇంటింటికీ తిరిగాను, తర్వాత నీలాంటి పిల్లల్ని తిప్పాను. ఇన్నేళ్ళలో నాకు తెలిసొచ్చింది ఒకటి. ప్రశ్న మనం అడుగుతాం, జవాబు మాత్రం చాలాసార్లు మనకి చెప్పరు. అక్కడ ఇంకెవరో ఉంటారు, వాళ్ళకి చెబుతారు. నీ కౌలు రైతు మొదటిసారి నీకు చెప్పారు. రెండోసారి అరుగు మీద కూర్చున్న ఆసామికి చెప్పారు. ఆయన్ని అబద్ధాలకోరు అనుకోకు.

ఆయన భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో నీకు తెలియాలి. డెల్టాలో కౌలు చాలా మటుకు నోటి మాట మీదే నడుస్తుంది. 2011లో ఒక చట్టం తెచ్చి కౌలుదారులకి రుణ అర్హత కార్డులన్నారు. దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం రాసుకుని, దాని మీద యజమాని సంతకం పెడితే కార్డు. భూమి మీద యజమాని హక్కుకి ఏ ఢోకా లేదని చట్టంలో రాసున్నా, సంతకం పెడితే రేపు పొలం చేజారుతుందేమోనని ఆసామికి భయం. సంతకం అడిగితే వచ్చే సార్వాకి, అంటే వానాకాలం పంటకి, పొలం ఇంకొకరికి ఇచ్చేస్తారని కౌలుదారుకి భయం. కార్డు లేనివాడికి బ్యాంకులో పంట అప్పు పుట్టడం కష్టం. వరద వచ్చి చేను మునిగితే, విత్తనం నుంచి ఎరువు దాకా అప్పు తెచ్చి పెట్టింది ఈయనే అయినా, పరిహారం కోసం ఆసామి దయ మీద ఉండాలి. ఇదంతా నీ ట్యాబ్‌లో ‘సొంతం, కౌలు, కూలి’ అని మూడు బొత్తాలుగా కనిపిస్తుంది.

ఇందులో నాకు ఒక గాయం ఉంది, చెబుతాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. ఇంటర్వ్యూ అయ్యాక తప్పులుంటే దిద్దుకుందామని జవాబులు పైకి చదివాను. ఎకరంన్నర కౌలు, మక్తా ఇన్ని బస్తాలు అని గట్టిగా చదువుతున్నాను. ఆసామి తమ్ముడు వీధిలో సైకిల్ పట్టుకుని నిలబడ్డాడని నేను చూసుకోలేదు. దాళ్వా (రెండో పంట) ఊడ్పులప్పుడు మళ్ళీ ఆ ఊరు వెళ్తే, ఆ పొలంలో వేరేవాళ్ళు ఊడుస్తున్నారు. ఆయన భార్య నన్ను చూసి పల్లెత్తు మాట అనలేదు. లోపలికెళ్ళి కుండలో నీళ్ళు ముంచి, గ్లాసు పైటకొంగుతో తుడిచి ఇచ్చింది. ఆ నీళ్ళు నాకు గొంతు దిగలేదు. పొలం నా వల్లే పోయిందో, మరో కారణం ఉందో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఎవరి జవాబూ పైకి చదవలేదు, నా దగ్గర పనిచేసిన ఎవర్నీ చదవనివ్వలేదు.

ఇక ఏం చెయ్యాలో చెబుతాను. మన వైపు అరుగు మీదికి వచ్చి కూర్చున్న మనిషిని లేచి వెళ్ళమనడం ఎవరి తరమూ కాదు. అందుకని ఎవరైనా రాగానే భూమి, అప్పు, ఆదాయం సంగతులు అక్కడితో ఆపెయ్. ఫారం ఒప్పుకుంటే ఫ్యాన్లు ఎన్ని, మంచాలు ఎన్ని, తాగే నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు, పొయ్యి దేనిది అన్న ప్రశ్నలకి వెళ్ళిపో. అవి పది నిమిషాలు వింటే ఎంతటి ఆసక్తి ఉన్నవాళ్ళైనా తువ్వాలు దులుపుకుని లేస్తారు. వరస మార్చడానికి ట్యాబ్ ఒప్పుకోకపోతే, ‘ఇవాళ్టికి చాలండి, మిగతావి మళ్ళీ వచ్చి అడుగుతాను’ అని లేచిపో. తోడుగా ఇంకో అమ్మాయి ఉంటే ఆసామి గారినే పక్కకి తీసుకెళ్ళి ధాన్యం రేటు గురించీ కాలవ నీళ్ళ గురించీ ఆయన గోడు వినమను. అదీ వినదగ్గదే. ఆసాములందరూ కూడా ఉన్నవాళ్ళేం కాదు. ఎకరమో రెండెకరాలో ఉండి, ఒంట్లో ఓపిక లేక కౌలుకిచ్చిన ముసలివాళ్ళు వాళ్ళలో చాలామంది ఉంటారు.

ఏది రాయాలి అన్నావు. నీ మనసులో ఏది నిజమో నీకు తెలుసు. అయినా అది రాయకూడదు. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు మళ్ళీ వెళ్ళి, ‘ఆ రోజు మీరు రెండు రకాలుగా చెప్పారు, ఏది రాయమంటారండి? మీ పేరుతో ఎక్కడికీ పోదు, ఊళ్ళో ఎవరికీ తెలీదు’ అని అడుగు. ఆ మాట ఇచ్చే ముందు మీ సంస్థలో పేర్లు ఎవరి దగ్గర ఉంటాయో, ఎప్పుడు తీసేస్తారో నువ్వు కనుక్కుని ఉండాలి, ఊరికే నోటికొచ్చిన హామీ ఇవ్వకు. కూలే రాయండి అంటే కూలే రాయి. ఇంటర్వ్యూలో వేరేవాళ్ళు ఉన్నారా అన్న గడి ఉంటే ఉన్నారని పెట్టు, రిమార్క్స్‌లో మొదట ఒక జవాబు, వేరే మనిషి వచ్చాక మరో జవాబు అని ఒక్క ముక్క రాయి. ఆసామి పేరు గానీ, గుర్తుపట్టగలిగే సంగతి గానీ అందులో పెట్టకు. లెక్కలు చూసేవాళ్ళకి ఆ ఒక్క ముక్క చాలు. ఇలాంటి రిమార్కులు ఒకే ఊరి నుంచి పది వస్తే, ఆ ఊళ్ళో కౌలు లెక్క తక్కువ చూపిస్తోందని వాళ్ళకి అర్థమవుతుంది. నువ్వే ఊహించి ‘కౌలు’ అని దిద్దేస్తే ఆ సంగతే తెలీదు. పైగా ఇవాళ మంచి మనసుతో దిద్దినదానివి, రేపు అలసిపోయి దిద్దుతావు.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం అని చేలు బీడు పెట్టేశారు, కారణాలు చూడమని ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి మోహన్ కందా కమిటీని వేసింది. నువ్వు అప్పటికి చిన్నపిల్లవి. ఆ ఏడు మేం తిరిగిన ఊళ్ళల్లో అసలు సాగుదారు ఎవరో పట్టాదారు పాస్‌బుక్కులు చూస్తే తెలిసేది కాదు. గట్టు మీద నిలబడి అడిగితేనే తెలిసేది. అందుకే ఆ రెండెకరాల మాట నీకంత బరువుగా అనిపించడం సబబే.

ఎవరికి చెబుతున్నారు అన్నది అరుగు మీద మనిషితో అయిపోదు. కనిపించని వాళ్ళు కూడా ఉంటారు. నువ్వు ట్యాబ్ తియ్యగానే వాళ్ళకి రేషన్ కార్డు గుర్తొస్తుంది. కరెంటు 300 యూనిట్లు దాటిందని, కారుందని, మాగాణి మూడెకరాలు దాటిందని కార్డులూ పింఛన్లూ తీసేసిన రోజులు జనం మర్చిపోలేదు. ఫ్రిజ్ ఉందా అంటే ‘పనిచెయ్యదండి’ అంటారు, లోపల అది చప్పుడు చేస్తూనే ఉంటుంది. వాళ్ళ మీద విసుక్కోకు. మొదటే చెప్పు: ‘దీనివల్ల మీకు కొత్తగా ఏదీ రాదండి, ఉన్నదేదీ పోదు. ఇష్టం లేని ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదు, మధ్యలో ఆపెయ్యమన్నా ఆపేస్తాను’. కాగితం చూసి పాఠంలా అప్పజెప్పకు, కళ్ళలోకి చూసి చెప్పు. జాలిపడి కూడా ‘రాస్తున్నాం కదా, ఏదైనా రావచ్చు’ అనొద్దు. ఆ ఆశతో చెప్పే జవాబులు ఇంకో దారి పడతాయి.

ఇంకా చిక్కైంది మన మర్యాద. ఒకసారి ఒక తల్లిని అడిగాను, ‘అంగన్‌వాడీలో గుడ్లు సరిగ్గా ఇస్తున్నారాండి?’ అని. ‘ఆయ్’ అంది. ఎందుకో అనుమానం వచ్చి కాసేపాగి, ‘సరిగ్గా ఇవ్వడం లేదటగా?’ అన్నాను. ‘ఆయ్, అదేనండి’ అంది. రెండూ నాకే చెప్పింది పాపం, ఇంటికొచ్చిన మనిషి మాట కాదనకూడదని. గోదావరి జిల్లాల్లో ‘ఆయ్’ అంటే మీ మాట విన్నానండి అని. దాన్ని అవును అని నొక్కేస్తే, ఊరూరా అన్నీ బాగున్నాయని లెక్క తేలుతుంది. అప్పట్నుంచి అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నకి ఫారం అనుమతించినంత మేర ఇంకో చిన్న ప్రశ్న తగిలిస్తాను: నిన్న ఇచ్చారా, ఎన్ని, మొన్నో?

మీ ఊరి నుంచి సఖినేటిపల్లి వెళ్ళి పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కితే అవతల నరసాపురం. అక్కడ ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. గుమ్మం మెట్టు మీద కూర్చుని ఒకావిడ లేసు అల్లుతోంది. తెల్ల దారపు ఉండ మట్టి అంటకుండా ఒళ్ళో పెట్టుకుంది. దారం ఎడమ చూపుడువేలుకి చుట్టుకుని ఉంది, రోజూ దారం ఒరుసుకున్న చోట వేలి మీద సన్నటి గీత. కుడిచేతిలో సూది కొక్కెం లోపలికి పోతోంది, దారం లాగుతోంది, వస్తోంది. ‘ఏం పని చేస్తారమ్మా?’ అన్నాను. ‘ఏం పని లేదండి, ఖాళీయే’ అంది. ఆ మాట అంటున్నంతసేపూ సూది ఆగలేదు. లోపల్నుంచి అత్తగారు కూడా ‘మా కోడలు పన్లోకెళ్ళదండి’ అంది, కాస్త గొప్పగా. ఆ ఇంట్లో బయటికి పనికెళ్ళకపోవడం పరువు. కోడలు చెప్పిన జవాబు ఆ పరువుకి చెప్పిన జవాబు.

జాతీయ నమూనా సర్వే కోడుల్లో 92 అని ఒకటి ఉంది, ఇంటి పనులు మాత్రమే చూసుకునేవాళ్ళు అని. అది నొక్కేస్తే ఆవిడ పని దేశం లెక్కలోంచి మాయమైపోతుంది. నేను ప్రశ్న మార్చాను. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నిన్న ఏమేం చేశారో చెప్పండమ్మా అన్నాను. వంట, పిల్లల్ని బడికి పంపడం, తర్వాత సూది పట్టుకుంటే పిల్లలొచ్చేదాకా, మళ్ళీ రాత్రి వంటయ్యాక కాసేపు. మొత్తం కలిపితే ఆరు గంటలు దాటింది. దారం ఎవరిచ్చారు, అల్లింది ఎవరికిస్తారు, ఎంతిస్తారు అంటే అన్నీ చెప్పింది, ఆ మొత్తం ఆవిడకి నోటికొచ్చు. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం ప్రాంతంలోనే ఈ లేసు అల్లే ఆడవాళ్ళ మధ్య పరిశోధన చేసి, 1982లో ప్రచురించారు. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లి, విదేశాలకి ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్న వాళ్ళని అందరూ ఊరికే ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళుగానే చూస్తున్నారని అందులో చూపించారు. ఆ పరిశోధన ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతుంది. ఆ ఊళ్ళకి మనం పంటు టికెట్టుతో వెళ్ళొస్తాం, మన ఫారాల్లో మాత్రం ‘ఖాళీయే’ అని రాసుకొస్తాం. నాకు అది సిగ్గనిపిస్తుంది.

వయసుల దగ్గర కూడా ఇంతే. ‘అరవై ఉంటాయండి’ అంటే అరవై అని కొట్టకు. ’86 వరదకి మీకు పెళ్ళయిందా, ’96 తుపానుకి పెద్దబ్బాయి ఎంత ఉన్నాడు అని అడుగు. నవంబరు 6 రాత్రి గాలికి కొబ్బరిచెట్లు కూలుతుంటే ఎవర్ని ఎత్తుకుని ఎక్కడికి పరిగెత్తారో కోనసీమలో ప్రతి తల్లీ చెబుతుంది, వయసు దానంతటదే తేలుతుంది.

తాళం ఇళ్ళ సంగతి. ఇందులో మీ సూపర్‌వైజర్ గారిది తప్పు, నువ్వు వినొద్దు. పొద్దున్న పదకొండింటికి ఏ ఇంటికి తాళం ఉంటుందో ఆలోచించు. మొగుడు కొబ్బరి ఒలుపుకి, పెళ్ళాం రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్ళిన ఇంటికి ఉంటుంది. పక్కింట్లో తలుపు తీసుంది అంటే అక్కడ రిటైరైన మాస్టారో, ఎవరో ఒకరు ఇంటిపట్టున ఉండే ఇల్లో. తాళం ఉన్న ప్రతిసారీ పక్కింటికి వెళ్ళావంటే, సర్వే పూర్తయ్యేసరికి కోనసీమలో కూలిజనమే తగ్గిపోయినట్టు తేలుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో క్లస్టర్‌కి (సర్వేకి ఎంచుకున్న ఊరో, వాడో) 22 ఇళ్ళు ఎంపిక చేస్తారు, ఒకటి దొరక్కపోతే దాని బదులు ఇంకోటి వేసుకోవడం ఉండదు. కొన్ని సర్వేల్లో మార్చుకోనిస్తారు గానీ, ఏ ఇంటి బదులు ఏ ఇల్లు అన్నది నియమం ప్రకారం వస్తుంది, ఎవరి తలుపు తీసుంటే వాళ్ళు అని కాదు. పొద్దున్నే ఒకసారి, పొద్దువాలాక ఒకసారి, ఆదివారం ఒకసారి వెళ్ళు. అప్పటికీ లేకపోతే ‘తాళం’ అని కోడు వెయ్యి. అదీ ఒక సమాచారమే. ఆయనతో గొడవపడకు. రోజూ సాయంత్రం ‘ఇవాళ నాలుగు పూర్తి, రెండు తాళం, రెండో విజిట్ అయింది’ అని మెసేజ్ పెట్టు. రాతపూర్వకంగా ఉంటే ‘చేసెయ్’ అని రాతపూర్వకంగా అనడం ఎవరికీ సులువు కాదు. చెట్టు కింద కూర్చుని ఫారాలు నింపేసే వాళ్ళు మీ టీంలోనూ ఉంటారు. గంట పట్టే ఇంటర్వ్యూ 12 నిమిషాల్లో అయిందని ట్యాబే చెబుతుంది, సరిచూడ్డానికి మళ్ళీ ఆ ఇళ్ళకి (బ్యాక్‌చెక్‌కి) వెళ్ళినవాళ్ళకి ఇంటివాళ్ళే చెబుతారు. వాళ్ళ దారి నీకొద్దు.

అడిగే తీరు ఎంత దూరం పోతుందో ఒక్క ఉదాహరణ. 1999–2000లో జాతీయ నమూనా సర్వే 55వ రౌండ్‌లో తిండి ఖర్చుని 30 రోజులకీ 7 రోజులకీ పక్కపక్క గళ్ళలో అడిగారు. రెండో అంకె మొదటి అంకెని చూసుకుని వచ్చింది. ఆ లెక్కల మీద దేశంలో పేదరికం 26 శాతానికి తగ్గిందని ప్రకటిస్తే, పాత లెక్కలతో దీన్ని పోల్చడం కుదరదని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. కాగితం మీద రెండు గళ్ళు పక్కపక్కన పెట్టినందుకు అంత జరిగింది.

చివరికి ఆ పెద్దావిడ. నిన్ను నిద్రపోనివ్వనిది ఆవిడే అని ఉత్తరం చదవగానే తెలిసింది. ఈ జిల్లాల నుంచి ఎంతమంది ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ వెళ్ళారో నీకు నేను చెప్పక్కర్లేదు. ‘బయటికెళ్ళినవాళ్ళు ఉన్నారా’ అన్న ప్రశ్న ఆ ఇంట్లో ప్రశ్నలా వినపడదు. ఆవిడ ఏడ్చినప్పుడు నువ్వేం చేశావో రాయలేదు. ఈసారి అలా జరిగితే ట్యాబ్ ఆపి సంచిలో పెట్టెయ్. ఓదార్పు మాటల కోసం వెతుక్కోకు, ఊరికే కూర్చో. కూతురి పేరేంటమ్మా అని అడుగు. ఆ పేరు ఫారంలోకి ఎక్కదు, అయినా అడుగు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని ‘అడగమ్మా, నీ పని నువ్వు చేసుకో’ అంటే అప్పుడు మొదలుపెట్టు, అనకపోతే ఆ ఇల్లు ఆ రోజుకి అంతే. ఇంటర్వ్యూ అయ్యాక, అక్కడ చిక్కులో ఉన్న బిడ్డల గురించి విదేశాల్లో ఉన్న మనవాళ్ళ కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్టీ సొసైటీ వాళ్ళతో మాట్లాడవచ్చని చెప్పు, వాళ్ళ నంబరు ముందే చూసి నోట్‌బుక్‌లో పెట్టుకో. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్ళకి చెప్పడానికి 181, పిల్లల కోసం 1098 కూడా. నంబర్లు ఇవ్వడం సాయమని నేననను, ఉత్తచేతులతో వచ్చేయడం కన్నా నయం. ఇంతమంది ఎవరెవరికో జవాబులు చెబుతుంటే, ఆవిడ నీకే చెప్పుకుంది. అది నీకు బరువుగా ఉండటం నీ లోపం కాదు. రాత్రి రూముకొచ్చాక తోటి పిల్లలతో ఆ మాట చెప్పుకో, ఇంటి గుర్తులు చెప్పకుండా.

మానెయ్యమని నేను చెప్పను. జీతం చాలకపోతే, బస్సు ఖర్చులు చేతి నుంచి పడుతుంటే, అది వేరే లెక్క, ఆ విషయం సంస్థని గట్టిగా అడుగు. ఈ నిద్రపట్టని కారణానికైతే మాత్రం మానకు.

ఆ కౌలు రైతు దగ్గరికి ఆలస్యం చెయ్యకుండా వెళ్ళు. పొద్దు వాలకముందే, ఆయన పొలంలో ఉండే వేళ చూసుకో. తోటి అమ్మాయిని వెంట తీసుకెళ్ళు. ఆసామి ఇంటి మీదుగా ఉన్న సిమెంటు రోడ్డు వదిలేసి కాలవ గట్టు వెంట వెళ్ళు. ట్యాబ్ సంచిలోనే ఉండనీ. చేను ఎలా ఉందండి అని అడిగి, ఆయన చెప్పడం అయ్యేదాకా గట్టు మీద కూర్చో.